వారం కొట్టేశాను

నన్ను మా షెడ్డులో టోపీలక్క అంటారు. హెల్మెట్లన్నీ నా చేతి మీదుగా పోతాయి కాబట్టి ఆ పేరు. "మా అందరికీ టోపీ పెట్టేది ఈవిడేనండీ" అని కొత్తగా చేరినవాళ్ళకి నన్ను చూపించి పళ్ళికిలిస్తారు. మొదట్లో నేనూ నవ్వేదాన్ని. తర్వాత మానేశాను. పదకొండేళ్ళ పాటు ఒకే జోకుకి ఎవరు నవ్వుతారు?

పనేంటో ముందు చెప్తాను, లేకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మాది పెద్ద పెద్ద ఇనప ట్యాంకులు చేసే షెడ్డు. ఒక్కోటి మూడంతస్తుల ఎత్తుంటుంది. చుట్టూ గొట్టాలతో మంచెలు కట్టి, వాటి మీద నిలబడి వెల్డింగులు చేస్తారు, బోల్టులు బిగిస్తారు. కింద తిరిగేవాడి నెత్తిన ఏదో ఒకటి రాలుతూనే ఉంటుంది. గేటు పక్కన నా గది. గోడ నిండా మేకులు, మేకులకి పసుపు రంగు టోపీలు, ఒక్కోదాని మీద నల్ల రంగుతో నంబరు. మొత్తం అరవై రెండు. పొద్దున పని మొదలయ్యేలోపు ప్రతి టోపీనీ దించి చూడాలి. డొప్పని రెండు చేతులతో నొక్కితే కిర్రుమనకూడదు. వెలుతురులో పట్టుకుంటే వెంట్రుకంత చీలిక కూడా కనపడకూడదు. లోపల పట్టీల అల్లిక నాలుగు కొక్కేలకి తగులుకుని ఉంటుంది, ఆ నాలుగూ లాగి చూడాలి. అసలు తలని కాపాడేది ఆ పట్టీలే. తలకీ డొప్పకీ మధ్య రెండు వేళ్ళ ఖాళీ ఉంచుతాయి, పైనుంచి పడ్డ దెబ్బ ఆ ఖాళీలో సగం చచ్చిపోతుంది. ఖాళీ లేకపోతే దెబ్బ తిన్నగా పుర్రెకే. ఇదంతా నాకు ట్రైనింగులో చెప్పారు. కొత్తవాళ్ళకి నేను చెప్పేదాన్ని. బాగానే చెప్పేదాన్ని, వినేవాళ్ళు తలలు కూడా ఊపేవాళ్ళు.

చూసిన ప్రతి టోపీకీ రిజిస్టరులో దాని నంబరు ఎదురుగా, ఆ రోజు గడిలో టిక్కు పెట్టాలి. బాగోకపోతే ఇంటూ పెట్టి, టోపీ పక్కన పడేసి వేరేది ఇవ్వాలి.

ఒక్కోదానికి రెండు నిమిషాలు వేసుకున్నా అరవై రెండింటికి రెండు గంటలు. నాకిచ్చింది అరగంట. ఏం చెయ్యమంటారు? సోమవారం మాత్రం చూసేదాన్ని, చేతికి అందినవైనా. చూసి, సోమవారం గడితో ఆగకుండా శనివారం దాకా వరసగా ఆరు టిక్కులూ పెట్టేసేదాన్ని. దీన్ని మేం వారం కొట్టేయడం అంటాం. ఇది నేను కనిపెట్టిన విద్యేం కాదు. నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న పెద్దాయన నేర్పాడు, ఆయనకి ఎవరు నేర్పారో. "వారం కొట్టేశావా అక్కా?" అంటూ సోమవారం టీ వేళకి సూపర్‌వైజరు వచ్చేవాడు. నేను రిజిస్టరు ముందుకి తోసేదాన్ని, ఆయన ఆరు రోజుల కిందా ఆరు సంతకాలు గీకేసి పోయేవాడు. ఆయన్ని మేం సరేసారు అంటాం. ఏం చెప్పినా సరే సరే తప్ప ఆయన నోట్లోంచి ఇంకో మాట ఊడిపడదు.

నలభై ఒకటో నంబరు మా తమ్ముడిది.

ఆ మంగళవారం పొద్దున వాడు కిటికీలోంచి టోపీ లోపలికి తోశాడు. "అక్కా, దీని పేగులు బయటికొచ్చాయి చూడు" అన్నాడు.

తిరగేసి చూశాను. వెనకవైపు రెండు కొక్కేలూ విరిగిపోయి పట్టీలు వేలాడుతున్నాయి. ఒకటి నిన్న మధ్యాహ్నమే ఊడిందట, రెండోది ఇప్పుడు నెత్తిన పెట్టుకుంటుంటే ఊడిందట. మరి నిన్న నేను దాన్ని లాగి చూశానా అంటే, నాకే గుర్తులేదు. టిక్కు మాత్రం ఉంది.

కొత్త టోపీలు రావాలి. రెండు నెలల్నుంచీ వస్తూనే ఉన్నాయి. పైగా నా గదిలో ఎదుటి గోడకి ఎనిమిది తెల్ల టోపీలు వేలాడుతుంటాయి, ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. అవి షెడ్డు చూడ్డానికి వచ్చే పెద్దమనుషులకి. మర్నాడు బుధవారం ఎవరో వస్తున్నారని అప్పటికే హడావిడి.

"ఆ తెల్లదొకటి ఇవ్వొచ్చు కదే" అన్నాడు తమ్ముడు.

"ఇస్తే సరేసారు నా ప్రాణం తీస్తాడు. ఇవాళ్టికి దీంతో సర్దుకోరా బాబూ. రేపు చూద్దాం."

"నేను తెల్లటోపీ పెట్టుకుంటే పెద్దమనిషినైపోతానని కుళ్ళు నీకు."

"అవును, కుళ్ళే. తల ఇలా పెట్టు."

కిటికీలోంచి తల వంచాడు. టోపీ వాడి నెత్తిన పెట్టి, గడ్డం కింద పట్టీ లాగి క్లిప్పు నేనే బిగించాను. గట్టిగానే బిగించాను. లోపల వదులుగా ఉంది కాబట్టి పట్టీ అయినా బిర్రుగా ఉంటే నిలబడుతుందనుకున్నాను. "ఊపిరాడనిస్తావా?" అని నవ్వి వెళ్ళాడు. రిజిస్టరు బల్ల మీదే ఉంది. మంగళవారం గడిలో టిక్కు కొట్టేసి ఇంటూ పెడితే, కింద ముందే పడ్డ సంతకానికి జవాబు చెప్పుకోవాలి. అంత గొడవెందుకని పెట్టలేదు.

పదకొండుంపావుకి పై మంచె మీద బోల్టు బిగిస్తున్నవాడి చేతిలోంచి పెద్ద పానా జారింది. తమ్ముడు కింద వంగి గొట్టాలు అందిస్తున్నాడు. తల వెనకవైపు తగిలింది. నేను పరిగెత్తేసరికి వాడు బోర్లా పడున్నాడు, దెబ్బకి క్లిప్పు ఊడిపోయి టోపీ నాలుగడుగుల అవతల ఉంది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. పన్నెండు దాటాక లేడన్నారు.

నాకు ఏడుపు రాలేదు. అందరూ నా వైపు చూశారు, ఇప్పుడు ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అని. రాకపోతే నేనేం చెయ్యను? ఒళ్ళంతా మొద్దుబారింది. ఎవరో నీళ్ళిస్తే తాగాను. ఎవరో కూర్చోమంటే కూర్చున్నాను. మా మరదలు, అంటే వాడి పెళ్ళాం, నా భుజం మీద తల పెట్టి ఏడుస్తుంటే దాని వీపు నిమురుతూ, దీని జాకెట్టు హుక్కు ఊడిందే, ఎవరైనా చూస్తే బాగోదే అనుకున్నాను. అంతే, ఇంకేం అనుకోలేదు. నామీద నాకే అసహ్యం వేయాలి. అదీ వేయలేదు.

నాలుగో రోజు షెడ్డుకి పోయాను. ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను? తర్వాత సోమవారం మామూలుగా వారం కొట్టేశాను. పైనుంచి కిందకి చెయ్యి దానంతట అదే పోయింది. అంతా అయ్యాక చూస్తే నలభై ఒకటికి కూడా ఆరు టిక్కులు పెట్టాను. ఆ మేకుకి టోపీ లేదు, దాన్ని పోలీసులు పట్టుకెళ్ళారు. పెట్టుకునేవాడూ లేడు. అయినా సోమవారం నుంచి శనివారం దాకా దివ్యంగా ఉన్నట్టు టిక్కులు. సరేసారు వచ్చి సంతకాలు పెట్టాడు. ఆయనా చూడలేదు. రిజిస్టరులో పేర్లుండవు కదా, నంబర్లే. నేను చించలేదు, దిద్దలేదు. మూసేసి పెట్టాను.

ఈలోపు షెడ్డువాళ్ళు కాగితం రాసేసుకున్నారు. టోపీ లక్షణంగా ఉంది, రిజిస్టరే సాక్ష్యం. కొక్కేలు ఆ పానా దెబ్బకే విరిగాయి. టోపీ దూరంగా పడింది కాబట్టి మనిషి పట్టీ పెట్టుకోలేదు. ఉద్యోగి నిర్లక్ష్యం. అంతా వాడి నెత్తినే రుద్ది చేతులు దులుపుకున్నారు. గేటు దగ్గర బోర్డు మీద నోటీసు కూడా అంటించారు: పట్టీ బిగించుకోకపోతే ఏమవుతుందో ఇటీవలి ప్రమాదమే చెబుతుంది, అని. పొద్దునా సాయంత్రం ఆ నోటీసు ముందునుంచే నేను నడవాలి. నడిచాను.

నోటీసు షెడ్డు గోడ మీద ఆగితే బాగుండేది. మా మేనకోడలికి పదకొండేళ్ళు. దాని క్లాసులో ఒక పిల్ల తండ్రి మా దగ్గరే వెల్డరు. "మీ నాన్న పట్టీ పెట్టుకోలేదంట కదా" అని ఆ పిల్ల అడిగిందట. ఆ సాయంత్రం మేనకోడలు మెట్లెక్కి నా వాటాలోకొచ్చింది. వాళ్ళది కింద వాటా, నాది పైది.

"అత్తా, బండెక్కితే హెల్మెట్ క్లిప్పు టక్కుమనేదాకా నన్ను కదలనిచ్చేవాడు కాదు నాన్న. స్కూలుకి ఆలస్యమైనా సరే. మరి తను ఎందుకు పెట్టుకోలేదు?"

"అన్నం తిన్నావా?" అన్నాను.

"నాకు చెప్పి తను పెట్టుకోలేదు. అబద్ధాలకోరు" అంది. కోపంగా కూడా అనలేదు. లెక్కకి జవాబు చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత ఇంటికెవరొచ్చి అయ్యో పాపం అన్నా, "మా నాన్నదే తప్పు" అని వాళ్ళ మొహం మీదే చెప్పడం మొదలెట్టింది. మరదలు వద్దంటే వినలేదు. తండ్రి మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది.

ఇదీ నా ముందున్నది. వాడు ఎటూ రాడు. ఆ పిల్ల మాత్రం ఇక జన్మంతా తండ్రిని అబద్ధాలకోరు అనుకుంటూ పెరుగుతుంది. కాదని చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే. చెప్పాలంటే నా నోటితో నేను ఊబిలో దిగాలి. రోజూ పొద్దున్నే లేచి ఇవాళ చెప్తాను అనుకునేదాన్ని, రాత్రి చెప్పకుండానే పడుకునేదాన్ని. భయమేస్తే భయమేసిందని చెప్పేదాన్ని. అదీ కాదు. మనసులో ఏమీ కదిలేది కాదు.

గురువారం తనిఖీ అధికారి వస్తున్నాడన్నారు. షెడ్డు మనిషి కాదు, ప్రమాదాలు విచారించే ఆఫీసు నుంచి. బుధవారం సరేసారు నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నీ బాధ నాకు తెలుసు" అన్నాడు.

"తెలిస్తే మంచిదే" అన్నాను.

"ఆయన రిజిస్టరు చూస్తాడు. టిక్కుంది, సంతకముంది. అంతే. నువ్వేం మాట్లాడక్కర్లేదు. అడిగితే, రోజూ చూస్తాను, ఆ రోజూ చూశాను అను. సరేనా? మనిద్దరి మెడలూ ఆ పుస్తకం మీదే ఉన్నాయి."

"సరే" అన్నాను. ఆయన మాటే ఆయనకి అప్పజెప్పాను.

విచారణ భోజనాల గదిలో పెట్టారు. పొడుగు బల్ల, ఒకవైపు అధికారి, ఆయన పక్కన రాసుకునే మనిషి. ఇవతల సరేసారు, మేనేజరు. ఇంటి తరఫున మరదలిని పిలిచారు. గోడ పక్కన కుర్చీ చివర కూర్చుంది, ఒళ్ళో చేతిసంచి గట్టిగా పట్టుకుని. అధికారి సన్నగా, దగ్గుతూ ఉన్నాడు. మనిషి కఠినంగా ఏం లేడు. మరదలితో "నీళ్ళేమైనా కావాలా అమ్మా" అన్నాడు.

సరేసారు రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాడు. మంగళవారం గడి మీద వేలు ఆనించాడు. "ఇదిగోండి సార్. నలభై ఒకటి. ఆ పొద్దునే చూసి సరిగ్గా ఉందని టిక్కు పెట్టింది, స్వయానా అతని అక్కయ్యే."

అధికారి నావైపు చూశాడు. "మీరు చూశారా?"

"చూశాను" అన్నాను. అది అబద్ధం కాదు. "పట్టీ కూడా నేనే బిగించాను సార్. వాడి గడ్డం కింద, నా చేత్తో. పట్టీ పెట్టుకోలేదన్నది పచ్చి అబద్ధం."

మరదలు తలెత్తి చూసింది. సరేసారు గుడ్లు తేలేశాడు. అంతటితో ఆగిపోదామనే అనుకున్నాను, నిజం చెప్పాలంటే. పట్టీ సంగతి తేలిపోతే వాడి మీద పడ్డ మచ్చ పోతుంది, నా మెడ నాకు మిగులుతుంది.

అధికారి దగ్గి, గ్లాసులో నీళ్ళు తాగాడు. "అమ్మా, మీ తమ్ముడి మీద ప్రేమతో అంటున్నారని అనుకుంటారు. నేను అనుకున్నా అనుకోకపోయినా, ఒక చిక్కుంది. టోపీ బాగుండి, పట్టీ బిగించి ఉంటే, అంత ఎత్తునుంచి ఆ పానా పడితే గాయమవుతుంది. ప్రాణం పోయే దెబ్బ కాదు. కాబట్టి రెండిట్లో ఒకటి తప్పయి ఉండాలి. పట్టీ అయినా తప్పు, టోపీ అయినా తప్పు. ఏది?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. మేనేజరు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉన్నాడు.

"టోపీ" అన్నాను. "వెనక రెండు కొక్కేలూ పొద్దునే విరిగున్నాయి. నాకు తెచ్చి చూపించాడు."

"అలాగైతే ఈ టిక్కు?"

"అది సోమవారం పెట్టింది."

"అదెలా?"

"అక్కా" అన్నాడు సరేసారు.

"ఆ పక్క గడులు చూడండి సార్" అన్నాను. "వాడు పోయింది మంగళవారం. బుధవారం టోపీ బాగుంది. గురువారం బాగుంది. శనివారం దాకా బాగుంది. పేజీ తిప్పండి, ఈ వారం కూడా బాగుంది. ఆ టోపీ పోలీసుల దగ్గరుంది. ఇవాళ గురువారం కదండీ, రేపటికీ ఎల్లుండికీ కూడా టిక్కులున్నాయి చూడండి. కింద సంతకాలు కూడా ఉన్నాయి."

అధికారి కళ్ళజోడు పైకి తోసుకుని పేజీ తిప్పాడు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. అరవై రెండు వరసల మీదా వేలు పోనిచ్చి, ఇవాళ్టి గడి దాటి, రేపటి గడి దాటి, శనివారం దగ్గర ఆపాడు. రాసుకునే మనిషి రాయడం ఆపేసి చూస్తున్నాడు.

"ఇవన్నీ ఎవరు పెట్టారు?"

"నేనే. పదకొండేళ్ళ నుంచి."

అన్నీ మళ్ళీ మొదటినుంచీ చెప్పించుకుని రాయించాడు. తెల్ల టోపీల సంగతీ చెప్పాను, ఎనిమిదీ వెళ్ళి చూసొచ్చాడు. నాచేత సంతకం పెట్టించుకున్నాడు, సరేసారు చేత పెట్టించుకున్నాడు. రిజిస్టరు సంచిలో పెట్టుకున్నాడు. రేపట్నుంచి మీరు పనిలోకి రానక్కర్లేదు, పిలిచినప్పుడు ఆఫీసుకి రావాలి, ఇంకా ఏమేమవుతాయో చెప్పలేను అన్నాడు. షెడ్డువాళ్ళు రాసుకున్న నిర్లక్ష్యం మాట కొట్టేస్తున్నానని మరదలితో చెప్పాడు. ఆవిడ తలూపింది. నోటీసు కూడా సాయంత్రంలోపు తీసేయమన్నాడు. మేనేజరు నా మొహం చూడకుండా బయటికి పోయాడు.

ఇంటికి బస్సులో వచ్చాం. పక్కపక్కనే కూర్చున్నాం, వేరే సీటు ఖాళీ లేక. మూడు స్టాపులు దాటేదాకా మరదలు కిటికీలోంచి బయటికే చూసింది.

"వదినా" అంది చివరికి. "నీ దగ్గర కొత్తవి ఎనిమిది ఉన్నాయి."

"ఉన్నాయి."

"ఎనిమిది" అంది మళ్ళీ. తిట్టలేదు. తిడితే బాగుండు అనిపించింది, ఇన్ని రోజుల్లో నాకు ఏదైనా అనిపించింది అంటే అదే. దిగేటప్పుడు మాత్రం ఒక మాట అంది. "దానికి నేను చెప్పను. నువ్వే చెప్పు. అంతా చెప్పు."

మేనకోడలు నేల మీద బోర్లా పడుకుని హోంవర్కు రాసుకుంటోంది. మరదలు చెప్పులు విప్పి తిన్నగా వంటింట్లోకి పోయింది. నేను పిల్ల పక్కన కూలబడ్డాను.

"నీకో సంగతి చెప్పాలి. మీ నాన్న పట్టీ పెట్టుకున్నాడు."

పెన్సిలు ఆగింది. "ఎవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేంటే, నేనే బిగించాను. నా చేత్తో. క్లిప్పు టక్కుమంది కూడా."

"నిజంగా?"

"నీ మీద ఒట్టు. టోపీ లోపల విరిగిపోయి ఉంది. అందుకే అలా అయింది. మీ నాన్న అబద్ధాలకోరు కాదు. వాడి తప్పేం లేదు."

పిల్ల నా మొహంలోకి చూసింది, నేను ఇంకా ఏదో అనబోతుండగానే లేచి వంటింట్లోకి పరిగెత్తింది. "అమ్మా! నాన్న పెట్టుకున్నాడంట! అత్తే బిగించిందంట! ఆ అమ్మాయికి రేపు చెప్తాను చూడు, అందరికీ చెప్తాను." ఇన్ని రోజుల తర్వాత నాన్న అన్న మాట దాని నోట్లోంచి గట్టిగా వచ్చింది. లోపల మరదలు గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఆగలేదు.

లేచి పైకి వెళ్ళిపోవచ్చు. పిల్లకి కావలసింది పిల్లకి దొరికింది. మిగతాది ఎప్పుడో, పెద్దదయ్యాక చెప్పొచ్చు. మెట్లు ఎదురుగానే ఉన్నాయి. నేను కదలలేదు. కదలాలనిపించకనో, కదలకూడదనో, నాకు తెలియదు.

కాసేపటికి అది తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. మొహంలో సంతోషం ఇంకా ఉంది.

"అత్తా, లోపల విరిగిందని నాన్నకి తెలుసా?"

"తెలుసు. నాకు తెచ్చి చూపించాడు."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే."

గుమ్మానికున్న పెచ్చు గోటితో గీకుతూ నిలబడింది.

"మరి నువ్వు బిగించింది ఏ టోపీ?" అని అడిగింది.